జాంబేజీ ఒడ్డున సంకటి ముద్ద

మొన్న శనివారం మా మనవరాలు అమెరికాలో, ఫ్రీమాంట్‌లోని మా ఇంటికొచ్చి, మొగుడితో కలిసి ఆఫ్రికా వెళ్తున్నాననీ, జాంబేజీ నది ఒడ్డున నేనూ తాతయ్యా ఉండొచ్చిన క్యాంపే బుక్ చేశామనీ చెప్పింది. నేను ఉత్సాహం పట్టలేక సొట్టపడిన స్టీలు డబ్బా తీసి ఆవకాయ పెట్టబోతే, "అమ్మమ్మా, అక్కడ అన్నీ ఉంటాయి, బ్రేక్‌ఫాస్ట్‌కి దోసె కూడా!" అని నవ్వింది. ఆ సొట్ట ఎలా పడిందో పిచ్చిపిల్లకేం తెలుసు!

మేం ఆ క్యాంపుకి వెళ్ళేనాటికి మా ఆయనకు గుండె ఆపరేషనై ఆరు నెలలు. గుండె బాగుందన్నారు గానీ ఆకలి చచ్చిపోయింది. కంచం ముందు కూర్చోవడం, మెతుకులు కెలకడం, లేచిపోవడం. ముప్పయ్యేళ్ళు డాక్టరుగా ఎందరికో మందులు రాసినదాన్ని, కట్టుకున్నవాడిచేత నాలుగు ముద్దలు తినిపించలేక, మనిషి కళ్ళముందే కరిగిపోతుంటే బాత్రూంలో కూర్చుని ఏడ్చేదాన్ని. చోటు మారితేనన్నా తింటారేమోనని కూతురూ అల్లుడూ మమ్మల్ని అక్కడికి పంపారు.

గుడారమని పేరే గానీ అది రాజుగారి విడిది. మంచం మీంచే నదిలో నీటిగుర్రాలు కనబడేవి. తెల్లబట్ట పరిచిన బల్ల మీద ఏవేవో వడ్డించేవారు, మా ఆయన రెండు చెంచాల సూపు తాగి చాలనేవారు. గుడారంలో తినే వస్తువులు పెట్టుకోవద్దని మొదటిరోజే చెబితే, బిస్కట్లన్నీ బుద్ధిగా అప్పగించి ఆవకాయ డబ్బా మాత్రం మంచం కింద దాచాను. ఆవకాయ తిండేమిటండీ, నంజుకునేది కదా!

మూడోరోజు పడవ షికారు నుంచి వచ్చేసరికి ఓ బబూన్ కోతి గుడారం జిప్పు లాగి, డబ్బా చంకన పెట్టుకుని చెట్టెక్కి కూర్చుంది. కొరికి కొరికి, మూత రాక విసుగెత్తి కిందికి విసిరేసింది. రుచి మరిగితే కోతి మళ్ళీ మళ్ళీ వస్తుందనీ, చివరికి దాన్నే కాల్చేయాల్సి వస్తుందనీ మేనేజరు మెల్లగా చెబుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. డబ్బా వంటింట్లో పెట్టించారు.

మధ్యాహ్నం ఓ చెంచాడు ఆవకాయ అడుగుదామని వంటింటి వెనక్కి వెళ్తే, జుట్టు నెరిసిన వంటాయన పనివాళ్ళకోసం పెద్ద గిన్నెలో తెల్ల మొక్కజొన్న పిండి తెడ్డుతో కెలుకుతున్నాడు. ఓరి దేవుడా, అనంతపురంలో మా అత్తగారు కెలికే సంకటే! పక్కనే చెనక్కాయల పొడి వేసి వండిన ఆకుకూర. పరుగున వెళ్ళి మా ఆయన్ని చెయ్యిపట్టి లాక్కొచ్చాను. ఆయన చేతులు కడుక్కుని, పనివాళ్ళ బెంచీ మీద కూర్చుని, ముద్ద చేసి, బొటనవేలితో గుంట నొక్కి, ఆకుకూరా ఆవకాయా అద్దుకుని మింగారు. తామూ అలాగే తింటామని వంటాయన పకపకా నవ్వాడు. మా ఆయన మాత్రం తలెత్తకుండా, "ఏమే, ఇంగొక ముద్ద పెట్టమను" అన్నారు.

ఆరు నెలల్లో ఆయన నోరు తెరిచి అడిగిన మొదటి ముద్ద అది. ఏడుస్తూనే ఆ వంటాయన రెండు చేతులూ పట్టుకున్నాను.

తిరిగి వచ్చేదాకా మా భోజనం ఆ బెంచీ మీదే. ఆ తర్వాత మరో పదకొండేళ్ళు ఆయన నాతో ఉన్నారు. ఇప్పుడు నా ఒక్కదానికోసం సంకటి కెలుక్కుంటాను, రెండో ముద్ద అడిగేవారు లేరు.

ఈ కాలంవాళ్ళకు ఏది కావాలన్నా బల్ల మీదికే వస్తుంది, మంచిదే, సుఖపడనీ. కాకపోతే వంటింటి వెనక్కి వెళ్ళే పనే ఎవరికీ పడదు. అందుకే వద్దన్నా వినకుండా డబ్బా మనవరాలి పెట్టెలో సర్దాను. గుడారంలోకి తీసుకెళ్ళకు తల్లీ, దిగగానే వంటింట్లో ఇచ్చెయ్యి, ఆ పెద్దాయన ఇంకా ఉంటే, తాతయ్య ఆ తర్వాత ఏ రోజూ పస్తు పడుకోలేదని చెప్పు, అన్నాను.