మూసి ఉంచిన తలుపుల బొమ్మ

మల్కాపురంలో మా డ్రాయింగు మాస్టారు పోయారు. కబురు తెచ్చిన వాళ్ళ అల్లుడు గుమ్మంలోనే నిలబడి, "మావయ్య పొద్దున్న పోనాడమ్మా" అని, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. పేపర్లో వేసేంత పేరున్న మనిషి కాదాయన. అందుకే నేను రాస్తున్నాను.

డెబ్బైల్లో డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలకి కట్టినవాళ్ళం ఆదివారాలు ఆయనింటికి వెళ్ళేవాళ్ళం. రిఫైనరీ వాసన, మాస్టారి భార్య అమ్మగారు వండే చేపల పులుసు వాసన కలిసిపోయే ఆ గదిలో గోడకి ఒక చెక్క బొమ్మ ఉండేది. హార్బరుకొచ్చిన విదేశీ ఓడలో ఎవరో ఇచ్చిన కేలండరు బొమ్మల్ని చెక్కకి అతికించి, బందులు బిగించి, రెండు తలుపులు పెట్టారాయన. ఎప్పుడో నాలుగైదు వందల ఏళ్ళ కిందట ఐరోపాలో ఒక చర్చిలో, పూజాపీఠం వెనక నిలబెట్టిన పటానికి అది నకలు. తలుపులు మూసి ఉంటే శిలువ మీది ఏసు కనిపిస్తాడు. ఒళ్ళంతా పుళ్ళు.

ఆ బొమ్మ చూస్తే నాకు అన్నం సయించేది కాదు. "దేవుడికి ఆ పుళ్ళేటి మాస్టారూ? అందంగా గీయడం రాదేటి ఆ గీసినాయనకి?" అన్నాను ఓసారి.

ఆయన కోప్పడలేదు. ముక్కుపొడుం పీల్చి, తీరిగ్గా తుడుచుకుని, "ఎవులు గీసేరని తరవాత అడుగుదువు గాని. ముందది ఎవులెదురుగా ఎట్టేరో అడుగు" అన్నారు. అది ఒక ఆసుపత్రి గుడిలోదట. ఒళ్ళు పుళ్ళుపడి, ఇంట్లోవాళ్ళు కూడా దగ్గరికి రాని రోగుల్ని సన్యాసులు అక్కడ చేర్చుకునేవారట. వైద్యం మొదలుపెట్టే ముందు ఆ బొమ్మ ఎదుట కూర్చోబెట్టేవారట. "ఆళ్ళకి అందగాడైన దేవుడెందుకమ్మా?"

నేనిప్పుడు పిల్లలకి బొమ్మలు నేర్పుతున్నాను. ఏ పటం చూసినా ముందు, ఎవరెదురుగా పెట్టారన్న ఆ ప్రశ్నే వేస్తాను. అది ఆయన పెట్టిన భిక్ష.

తలుపుల్ని అక్కడ పండగలకే తెరిచేవారట. మాస్టారు మాత్రం సింహాచలం అప్పన్నకి చందనం ఒలిచే రోజున తెరిచేవారు. కొండ మీద నిజరూపం చూసి, ఆ చెమటతోనే ఇంటికొచ్చి తలుపులు తీసేవారు. లోపల సమాధిలోంచి లేచిన ఏసు, ఆ పుళ్ళేవీ లేకుండా, పసుపుపచ్చటి వెలుగులో. ఇప్పుడు అక్కడి మ్యూజియంలో ఆ అసలు పటం తలుపులు విడదీసి అన్నీ ఒకేసారి చూపిస్తున్నారని తెలిసి చాలా దిగులుపడ్డారు. "అప్పన్నని రోజూ సందనం లేకండా నిలబెట్టినట్టుంది" అన్నారు.

ఈ ఏడు షుగరు వల్ల ఆయన కాలి పుండు మానలేదు. ఆసుపత్రిలో చేర్చారు. ఆ బొమ్మ కావాలంటే నేనే రిక్షాలో తీసుకెళ్ళి మంచం పక్క బల్ల మీద పెట్టాను. లోపలి వెలుగు చూస్తే కాస్త ప్రాణం లేచొస్తుందని తలుపు మీద చెయ్యి వేశాను.

"ఇయాల పండగేటి? మూసే ఉంచు" అన్నారు. "లోపలాయన బాగున్నోళ్ళకమ్మా. ఈయన నాకోసరం."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన మాత్రం పక్క మంచం మీది రోగిని పలకరిస్తున్నట్టు ఆ బొమ్మ కేసి చూస్తూ పడుకున్నారు.

ఆయన పోయిన పదో రోజున వాళ్ళింటికి వెళ్ళాను. బొమ్మ మళ్ళీ గోడకి ఎక్కింది. మూసే ఉంది. కింద దీపం. చందనం రోజుకి ఇంకా నెల పైనే ఉంది. అమ్మగారు నా చెయ్యి పట్టుకుని బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు.

"ఆయనకి బాగయిపోనాది గదమ్మా. ఇంక తియ్యొచ్చేటి?" అన్నారు.

తలుపు లాగితే రాలేదు. ఉప్పుగాలికి బందులు పట్టేశాయి. ఆవిడ దీపం కుందిలో వేలు ముంచి, ఆ నూనె బందులకి రాస్తూ కూర్చున్నారు.