నాయన చూసి రమ్మన్న వెనక పక్క

మా ఇంట్లో మగ్గం పక్కన గోడకు రెండేళ్ళుగా ఒక పోస్టుకార్డు అంటించి ఉంది. మా సరళక్క ఇంగ్లండులో నర్సుగా చేరిన కొత్తల్లో పంపింది. అందులో హాంప్టన్ కోర్టు అనే రాజభవనంలోని పెద్ద హాలు, ఆ హాలు గోడల నిండా వేలాడే నేత తెరలు కనిపిస్తాయి. మనుషులు, జంతువులు, చెట్లు, అన్నీ దారంతో నేసినవే. వాటిని అక్కడివాళ్ళు టేపెస్ట్రీలు అంటారు. మా నాయన నగరిలో చీరలు నేస్తాడు. వీధంతా పవర్‌లూమ్‌కు మారినా ఇంట్లో ఒక చేతిమగ్గం మాత్రం తీయలేదు. నేసి నేసి నడుము పట్టేసినప్పుడు తలెత్తి ఆ కార్డు వైపు చూసేవాడు.

తిరుపతిలో డిగ్రీ పరీక్షలు రాసి హాస్టల్ ఖాళీ చేసి వచ్చిన కొన్నాళ్ళకు, మూడు వారాలు తన దగ్గర ఉండి పొమ్మని అక్క టికెట్ పంపింది. అమ్మకు విమానమంటే భయం. నాయనకు మగ్గం వదిలే పని లేదు. కాబట్టి నేనే వెళ్ళాలని తేలింది.

"నీకేం తేవాల నాయనా?" అని అడిగాను.

"నాకేం వద్దు. ఆ తెరలు సూసి రా. ముందు పక్క ఈ కార్డులో కనబడతానే ఉండాది. ఎనక పక్క ఎట్లుండాదో సూసొచ్చి సెప్పు, సాలు."

మా వీధిలో ఎవరి చేతికి చీర ఇచ్చినా మొదట పైభాగం చూడరు. అంచు పట్టుకుని తిరగేస్తారు. దారం ఎక్కడ తెగింది, ఎక్కడ ముడేశారు, ఎక్కడ తొందరపడ్డారు అన్నీ అక్కడే తెలుస్తాయి. నాయన అడిగింది వింత కోరికేమీ కాదు. అయినా అది నాకు బరువుగానే తోచింది. ఊళ్ళో అంగడికి పోయి ఒక సబ్బు అడగడానికే నేను రెండుసార్లు తటపటాయిస్తాను.

ప్రయాణానికి ముందు రోజు తిరుచానూరు వెళ్ళి అమ్మవారిని చూసుకుని వచ్చాము. మరునాడు మధ్యాహ్నం మూడుంబావుకు నగరిలో మద్రాసు బస్సు ఎక్కాము, నాయన, నేను. పక్క సీటులో మల్లెపూల గంపతో ఒకావిడ కూర్చుంది.

"యాడికి పోతాండావు పాపా?" అంది.

"మద్రాసుకు," అన్నాను.

"ఇంత పెద్ద పెట్టెతో మద్రాసుకా? కాపరానికి పోతాండావా ఏమి?"

వెనక సీటులోంచి నాయన నవ్వాడు. "లండన్‌కి పోతాండాది లేమ్మా. ఆ మాట సెప్పేదానికి గూడా సిగ్గే దానికి."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, ఒక మూర పూలు తుంచి ఇచ్చింది. "పెట్టుకో. ఆడ దొరుకుతాయో దొరకవో." తిరుత్తణిలో దిగేటప్పుడు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

విమానం తెల్లవారుజామున బయలుదేరింది. లండన్‌లో దిగేటప్పటికి అక్కడ పొద్దున పదకొండు. పాస్‌పోర్టు చూసే అధికారి ఎన్నాళ్ళుంటావని అడిగితే అక్క రాసిన ఉత్తరం ముందుకు జరిపాను. ఎక్కడుంటావంటే అదే ఉత్తరంలో చిరునామా మీద వేలు పెట్టాను. ఆయన ముద్ర వేశాడు. ఒక్క మాట మాట్లాడకుండా ఇంగ్లండులో కాలు పెట్టాను.

అక్క ఉండేది సర్బిటన్‌లో. లండన్ నగరం నడిబొడ్డు నుంచి రైలులో ఇరవై నిమిషాల దూరం. మన కళ్ళకు అది ఊరూ కాదు, పట్నమూ కాదు. ఎర్ర ఇటుకల ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని వరసగా ఉంటాయి. ప్రతి ఇంటి ముందూ నాలుగు గులాబీ మొక్కలు, ఒక చిన్న గేటు. వీధిలో పిల్లి తప్ప ఎవరూ కనిపించరు. మొదటి రోజు ఏదైనా చావు జరిగిందేమోననుకున్నాను. రోజూ అంతేనని తరవాత తెలిసింది. స్టేషను మాత్రం తెల్లగా, గడియారపు బురుజుతో ముచ్చటగా ఉంటుంది. అక్క, కేరళ నుంచి వచ్చిన మరో నర్సు కలిసి ఒక ఇంటి పై అంతస్తు అద్దెకు తీసుకున్నారు. వంటగది కిటికీలోంచి పక్కింటి పెరటిలో ఆపిల్ చెట్టు కనిపించేది.

అక్కకు సెలవు దొరికిన రోజుల్లో చుట్టుపక్కల తిరిగాము. వారానికి సరిపడా బస్సు పాసు కొనుక్కుంటే చవక. వెళ్ళేవారు గుర్తుంచుకోవాలి. కింగ్‌స్టన్ బస్సులో పది నిమిషాలు. థేమ్స్ ఒడ్డున హంసలు మనుషులను లెక్కచేయకుండా రొట్టె అడుగుతాయి. వెయ్యేళ్ళ కింద రాజులకు పట్టాభిషేకం చేసిన రాయి అంటూ ఒకదాన్ని రోడ్డు పక్కనే కంచె వేసి ఉంచారు. మన పక్క అయితే ఈపాటికి పసుపు కుంకుమ పడేవి. ఇంకో వీధిలో పనికిరాని ఎర్ర టెలిఫోన్ పెట్టెలను ఒకదాని మీద ఒకటి ఒరగబెట్టి నిలిపారు. "తాగినోళ్ళని వరసన నిలబెట్టినట్టు ఉండాది సూడు," అంది అక్క. అక్కడి నుంచి అరవై ఐదో నంబరు బస్సు ఎక్కితే రిచ్‌మండ్ వస్తుంది. అక్కడి పార్కులో జింకలు మందలు మందలుగా తిరుగుతుంటే పులిహోర తింటూ మధ్యాహ్నమంతా కూర్చున్నాము. జూన్ నెలలో రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురు ఉంటుంది. ఆ వెలుతురులోనే నేను డైరీ రాసుకునేదాన్ని.

హాంప్టన్ కోర్టును చివరి గురువారానికి ఉంచుకున్నాము. శనివారం నా తిరుగు ప్రయాణం. బుధవారం సాయంత్రం ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఎవరో జబ్బుపడ్డారట, గురు, శుక్రవారాలు అక్క డ్యూటీకి వెళ్ళాలి.

"ఒక్కదానివే పోగలవా?" అంది అక్క. "ఈడికొచ్చి పద్దెనిమిది దినాలాయె. బయటోళ్ళతో ఒక్క మాటన్నా మాట్లాడినావా? దారి తప్పితే ఎవుర్నడుగుతావు?"

"పోకపోతే నాయనకేం సెప్పాల?"

"ఏదో ఒకటి సెప్దాంలే. ఎనక పక్క గూడా ముందు మాదిరే ఉండాదని సెప్పు. ఆయనేమన్నా వచ్చి సూస్తాడా?"

అక్క తేలిగ్గానే అంది. నేనేం చెప్పినా నాయన నమ్ముతాడు. నాకు కష్టమంతా అక్కడే వచ్చింది. పొద్దున నేను వెళతానన్నాను. అక్క నిమ్మకాయ అన్నం డబ్బాలో పెట్టి ఇచ్చింది.

స్టేషనులో టికెట్ ఇచ్చే కిటికీ దగ్గర, ముందే రాసి పెట్టుకున్న చీటీ లోపలికి తోశాను. హాంప్టన్ కోర్టు, పోను రాను. రెండు పౌండ్ల లోపే. రైలు పది దాటిన పన్నెండు నిమిషాలకు వచ్చింది. ఎదురు సీటులో కుక్కపిల్లను ఒళ్ళో పెట్టుకున్న ముసలావిడ, "భవనం చూడడానికేనా?" అని అడిగింది. తల ఊపాను. "పిల్లలు రాకముందే తోటలో పొదలతో పెంచిన చిక్కుదారి చూసెయ్యి. తరవాత అరుపులు తప్ప ఏమీ ఉండదు," అంది. మళ్ళీ తల ఊపాను. మధ్యలో ఒకే స్టేషను. పది నిమిషాల్లో రైలు ఆఖరి ప్లాట్‌ఫారం మీద ఆగింది. బయటికి వచ్చి వంతెన దాటితే భవనం కనిపిస్తుంది. దారి తప్పడానికి వీలే లేదు.

ప్రవేశం పదకొండు పౌండ్ల పైచిలుకు. మనకు ఎక్కువే, కానీ రోజంతా చూడవచ్చు. చంద్రగిరి రాజమహల్ చూసి పెరిగిన నాకు ఎర్ర ఇటుకలతో కట్టిన రాజభవనం కొత్తగా అనిపించింది. పైన గుంపులు గుంపులుగా పొగగొట్టాలు, ఒకదాని నగిషీ ఒకదానికి లేదు. వంటశాలలో పొయ్యి మా నడవ అంత ఉంది. గుమ్మం దగ్గరి దుకాణంలో మా ఇంట్లో ఉన్నటువంటి పోస్టుకార్డే నాయన కోసం ఒకటి కొని డైరీలో పెట్టుకున్నాను.

పన్నెండున్నరకు పెద్ద హాలులోకి వెళ్ళాను. కార్డులో అరచేయంత ఉన్నది ఇక్కడ మా ఇంటి కప్పు కంటే ఎత్తుగా వేలాడుతోంది. రంగులు వెలిసిపోయాయి. అయినా ముడతలు పడిన గడ్డాలు, పట్టుబట్టల మడతలు, కాలి గోళ్ళు కూడా దారంతోనే తీర్చారు. నాయన ఇక్కడ ఉంటే ఎంతసేపు నిలబడేవాడో అనుకుంటూ దగ్గరికి నడిచాను. అంతవరకే గుర్తుంది. నా చేయి అడ్డుతాడు మీదుగా పోయి తెర కింది మూలను పట్టుకుని తిరగెయ్యబోయింది.

"దయచేసి ముట్టుకోకండి."

హాలు కాపలాదారు, యూనిఫాంలో ఉన్న పొడుగాటి ముసలాయన. గొంతు పెంచలేదు. కానీ హాలులో ఉన్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. తల దించుకుని వచ్చిన దారినే బయటికి నడిచాను.

తోటలో ఒక పెద్ద ద్రాక్షతీగ ఉంది. రెండు వందల ఏళ్ళు దాటిందట. ఒకే మొదలు ఒక గాజు ఇల్లంతా పాకింది. దాని దగ్గర్లో బెంచీ మీద కూర్చుని అన్నం తిన్నాను. రెండున్నరకు ఒక రైలు ఉంది. దానికి వెళ్ళిపోతే సరిపోతుంది. అక్క చెప్పినట్టు ఏదో ఒకటి చెప్పవచ్చు. డబ్బా కడిగి మూత పెట్టాక కూడా లేవలేకపోయాను. చివరికి డైరీ తీసి, చెప్పవలసింది ఇంగ్లీషులో రాసుకున్నాను. రెండుసార్లు కొట్టేసి మూడోసారి సాపు చేశాను. ఈలోగా రెండున్నర రైలు పోయింది.

మూడుంబావుకు మళ్ళీ హాలులోకి వెళ్ళాను. ఆయన అక్కడే ఉన్నాడు. ఎదురుగా నిలబడి డైరీ తెరిచి చదివాను.

"మా నాన్న చీరలు నేస్తారు. మా ఊళ్ళో గుడ్డ చేతికొస్తే మొదట వెనక పక్క చూస్తాము. అందుకే ముట్టుకున్నాను. క్షమించండి. దీని వెనక పక్క ఎలా ఉంటుందో మీకు తెలుసా?"

ఆయన వినడానికి వంగాడు.

"నేను ఇక్కడ ఇరవై ఏళ్ళుగా నిలబడుతున్నాను. బాత్రూం ఎక్కడ, ఈ భవనంలో తిరుగుతుందనే దయ్యం ఎక్కడ, అందరూ ఈ రెండే అడుగుతారు," అన్నాడు. "వెనక పక్క సంగతి అడిగింది నువ్వే. తిప్పి చూపించడం నా చేతిలో లేదు. కానీ ఒకసారి దీన్ని శుభ్రం చేయడానికి దించినప్పుడు చూశాను. వెనక నిన్న నేసినట్టు ఉంది. ఈ చెట్లు చూశావా? అక్కడ పచ్చగా ఉన్నాయి."

చెట్లవైపు చూశాను. అప్పటివరకు గమనించనే లేదు, ఆకులన్నీ నీలంగా ఉన్నాయి.

"పసుపు పోయింది," అన్నాను. "నీలం మిగిలింది."

అది డైరీలో రాసుకున్న మాట కాదు.

"నీకెలా తెలుసు?" అన్నాడు.

మా తాత నూలుకు రంగులు వేసేవాడని, పచ్చరంగు కావాలంటే నీలం మీద పసుపు ఎక్కించేవాడని, ఎండకు ముందు పోయేది పసుపేనని చెప్పాను. వ్యాకరణం ఎలా వచ్చిందో తెలియదు. ఆయనకు అర్థమయింది. జేబులోంచి చిన్న టార్చి తీసి తెర అంచుకు పక్కవాటుగా వేశాడు. అంతసేపూ మట్టిరంగులో ఉన్న ఒక అంగీ అంచు ఒక్కసారిగా బంగారంలా వెలిగింది. పట్టుదారానికి వెండి చుట్టి, దానికి బంగారుపూత వేశారట. మేము జరీ అనేది దాన్నే. ఆ మాట ఆయనకు చెప్పాను. రెండుసార్లు పలికి నేర్చుకున్నాడు.

డైరీలోని పోస్టుకార్డు తీసి, మీరు చూసింది మా నాన్నకు రాసిస్తారా అని అడిగాను. కార్డును గోడకు ఆనించి రాశాడు. "వెనక పక్క చెట్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. నేను చూశాను." అంతే.

నాలుగు దాటాక రైలు ఎక్కి సర్బిటన్‌లో దిగాను. టికెట్ చూసే ఆయన మంచి ఎండ కాసిందన్నాడు. అవునండీ, మంచి ఎండ అన్నాను. అక్క డ్యూటీ నుంచి వచ్చి నా ముఖం చూసి, "పోయినావా?" అంది. అంతా చెప్పాను. "ముట్టుకున్నావా? నిన్ను పోలీసులకియ్యలేదా?" అని నవ్వి నవ్వి, చివర్లో కళ్ళు తుడుచుకుని, "ఈడికొచ్చి రెండేండ్లాయె. ఆ చెట్లు నీలంగా ఉండాయని నేనే సూడలేదు సూడు," అంది.

మద్రాసు విమానాశ్రయానికి నాయన వచ్చాడు. బస్సు తిరువళ్ళూరు దాటేదాకా ఇంటి సంగతులు చెప్పాడు. తరవాత, "సూసినావా?" అని అడిగాడు.

"నేను సూడలేదు నాయనా. సూసినాయన సెప్పినాడు," అని కార్డు ఇచ్చి, రాసింది చదివి తెలుగులో చెప్పాను. తిరగెయ్యబోయి పట్టుబడిన సంగతీ దాచలేదు.

"సెయ్యి పెట్టినావా?" అన్నాడు, తిట్టినట్టు కాదు. "ముడులేసినారా, దారాలు వొదిలేసినారా?"

"అది అడగలేదు."

"మరేం అడిగినావు? పచ్చగా ఉండాదంటే సరిపోయిందా?" అని నవ్వి, కార్డును చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి ఆ రెండు వాక్యాల మీద బొటనవేలితో నిమిరి చూశాడు. గుడ్డ నాణ్యం చూసేటప్పుడు అలాగే చూస్తాడు.

సర్బిటన్ గొప్ప ఊరేమీ కాదు. కానీ అక్కడి నుంచి రైలులో పది నిమిషాలు, బస్సులో పది నిమిషాలు పోతే చాలు, చూడవలసినవి ఎన్నో ఉన్నాయి. వెళ్ళేవారు అన్నం డబ్బా తీసుకుని వెళ్ళండి. హాలులో కాపలా ఉండే ఆయన కనిపిస్తే పలకరించండి. ముడుల సంగతి కూడా అడగండి.

ఇంటికి వచ్చాక ఆ కార్డును నాయన పాతదాని పక్కనే అంటించాడు, బొమ్మ గోడవైపుకు, రాత మనవైపుకు. నూలు తెచ్చినవాళ్ళు, ఇదేంది అన్నా, తిరగేసి అంటించినావు అంటే, మగ్గం ఆపకుండానే జవాబు చెబుతాడు.

"ముందు పక్క దాని పక్కనే ఉండాది గదప్పా."