తెల్ల తీగలన్నీ ఒకే ముడి

మా ఆవిడ పడిపోవడానికి కారణం నేను. ముందే రాసేస్తే తర్వాత దాచుకోవడానికేమీ ఉండదు.

పోయిన ఏడు ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క చచ్చుబడింది, మాట ముద్దగా వస్తుంది. ఉక్కు ప్లాంటు పక్కనున్న బర్మామైన్స్‌లో మా ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. ముందుగది, వంటగది, ఆ వెనక ఆమె పడుకునే గది. నేను ముందుగదిలో ఉంటే ఆమె పిలుపు వినబడదు. ఒక్కత్తీ లేచి నడవబోయి రెండుసార్లు గోడ పట్టుకుని జారింది.

మా అమ్మాయి ఊళ్ళోనే సిద్ధగోరాలో ఒక బడిలో సైన్సు చెబుతుంది. చిన్న చిన్న సర్క్యూట్లు చేయడం దాని సరదా. అమ్మ కోసం ఒకటి చేసింది. దుప్పటి కింద మనిషి బరువు పసిగట్టే పలచని చాప, ఎడమచేతికి అందేలా ఒక మీట, ముందుగదిలో ఒక డబ్బా. మీట నొక్కితే డబ్బా మోగుతుంది. మనిషి చాప మీద ఉన్నంతసేపూ పచ్చలైటు. లేచిందంటే ఎర్రలైటు, మోత. వెనకగది గోడంతా చెమ్మ, అక్కడి ప్లగ్గు ముట్టుకుంటే జిల్లుమంటుంది. అందుకని ముందుగది నుంచే ఒక ఇంటర్నెట్ కేబుల్ లాగింది. అందులో సన్నని తీగలు ఎనిమిది. కొన్నిట్లో పన్నెండు వోల్టుల కరెంటు లోపలికి వెళుతుంది, కొన్నిట్లో మీట కబురూ చాప కబురూ బయటికి వస్తాయి.

నాకు నచ్చలేదు. ముప్పై ఏళ్ళు ప్లాంటులో కాంట్రాక్టు వైర్‌మన్‌గా చేశాను. అక్కడ కరెంటు కేబుల్‌ది ఒక దారి, సిగ్నల్ కేబుల్‌ది ఇంకో దారి.

"రెండూ ఒకే దాంట్లో ఏటే?" అన్నాను.

"పన్నెండు వోల్టులే నాన్నా. ఇది నీ ఫర్నేసు కాదు," అని నవ్వింది.

ఏ తీగ దేనికో తెలుగులో రాసి కాగితం డబ్బాకి అంటించింది. ఈ హిందీ ఊళ్ళో తెలుగులో ఎందుకంటే నా కోసం. యాభై దాటాక, అది చిన్నప్పుడు చదివిన వాచకాలతోనే నేను అక్షరాలు దిద్దుకున్నాను. చదవగలను. చదవకముందే చెయ్యి కదిలిపోవడం నా పాత జబ్బు.

ఆ కేబుల్ వెనకగది గుమ్మానికి అడ్డంగా నేల మీద పడి ఉండేది. వైర్‌మన్ ఇంట్లో తీగ కాళ్ళకు తగలడమేమిటి? ఒకరోజు అమ్మాయి బడికి వెళ్ళాక గోడకు కన్నం పొడిచాను. కేబుల్ చివరి ప్లగ్గు కన్నంలో పట్టలేదు. కోసేసి, తీగలు దూర్చి, అవతల మళ్ళీ కలపడానికి కూర్చున్నాను.

రంగు తీగలు నాలుగు, తెల్ల తీగలు నాలుగు. తెల్లవాటి మీద సన్నని రంగు చారలుంటాయి. నా కళ్ళకు ఆనలేదు. లైట్ల పనిలో కరెంటు తిరిగొచ్చే న్యూట్రల్ తీగలన్నీ కలిపి ఒకే ముడి వేస్తాం. నా చెయ్యి అదే చేసింది. రంగుకి రంగు కలిపాను, తెల్లవన్నీ కలిపి మెలిపెట్టాను.

మంచం మీంచి మా ఆవిడ చూస్తోంది. "కా...యితం... సూడు," అంది.

"ఒలే, నువ్వూరుకో. ముప్పై ఏళ్ళు నాను కోసినవి ఉల్లిపాయలేటి?"

టేపు చుట్టి స్విచ్చి వేశాను. పచ్చలైటు వెలిగింది. ఆమె చేత మీట నొక్కించాను, మోగింది. "సూసినావా!" అన్నాను. ఆమెను లేపి చూడాలని మాత్రం తట్టలేదు. కేబుల్ గోడలోంచి వెళ్ళిందని అమ్మాయి సాయంత్రం చూసింది కానీ, కోసి కలిపానని నేను చెప్పలేదు.

మూడోరోజు మధ్యాహ్నం ముందుగదిలో పేపరు చదువుతున్నాను. మధ్యమధ్య లైటు వంక చూస్తున్నాను. పచ్చగానే ఉంది. లోపల ధబ్బుమని చప్పుడు. వెళ్ళేసరికి నేల మీద ఉంది. ఎడమచెయ్యి ఒంటి కింద పడి విరిగింది. ఆమెకు పనిచేసే చెయ్యి అదొక్కటే. ఎత్తుకుని ముందుగదిలోకి తెచ్చాను. డబ్బా మీద ఇంకా పచ్చలైటే.

ఆసుపత్రి నుంచి వచ్చాక అమ్మాయి డబ్బా విప్పుకుని కూర్చుంది.

"మేరీ గలతీ హై నాన్నా. తప్పు నా ప్రోగ్రాములోనే ఉంది. అమ్మని నేనే పడేసినాను," అని ఏడ్చింది.

నేను పలకలేదు. ఆ రాత్రీ పలకలేదు, మర్నాడూ పలకలేదు. అది అన్నం మానేసి కంప్యూటర్లో ఒక్కో వరసా వెతికింది. మా ఆవిడ పిండికట్టుతో పడుకుని నన్నే చూసింది. ముద్దమాటలోనైనా ఒక్క ముక్క చాలు కూతురికి తెలిసిపోవడానికి. ఆ ముక్క ఆమె అనలేదు.

ఆ తర్వాతి పొద్దున అమ్మాయి డబ్బాని చెత్తలో పారేస్తానంటే అప్పుడు నోరు తెరిచాను. గోడ దగ్గరకు తీసుకెళ్ళి టేపు విప్పి చూపించాను.

అది వంగి ముడిలోని ఒక్కో తీగా చూసింది. "చాప కబురు ఈ చారల తెల్ల తీగల్లో ఒకదాంట్లో వత్తాది నాన్నా. దాన్ని ఇంకో తెల్ల తీగలోని కరెంటు మైనస్‌కి కలిపేసినావు. మనిషి లేకపోయినా ఉన్నట్టే చెప్తాది."

"అవును."

"మరి రెండు రోజులు ఎందుకు చెప్పలేదు?"

పనివాడన్న పేరు పోతుందనుకున్నాను. పక్కన కూతురు ఏడుస్తుంటే కూడా అదే అనుకున్నాను.

అది ముడి విప్పి తీగకు తీగ కలిపింది. తల్లిని పక్కకు జరిపి, తనే చాప మీద పడుకుని లేచింది. డబ్బా మోగింది.

"ఇప్పుడు నువ్వమ్మా. ఒక్క కాలు దించు. మేం పట్టుకుంటాం కదా."

మా ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఎంత బతిమాలినా దించలేదు.

నడిపించకపోతే ఎడమకాలు కూడా పోతుందని డాక్టరు అంటున్నాడు. రోజూ పొద్దున్నే రెండు చేతులూ చాపి మంచం ముందు నిలబడతాను. ఆమె నా చేతుల వంక కాసేపు చూస్తుంది. తర్వాత మొహం గోడవైపు తిప్పేసుకుంటుంది.