వెనక్కి రాని రీళ్ళు

చూపు మందగించిన సంగతి ముందుగా ఎవరికి తెలుస్తుంది? ఆ కళ్ళున్న మనిషికా, ఎదురుగా నిలబడ్డ మనిషికా? దారాలక్క సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా, ఈ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి జవాబు చేతికి అందినట్టే అంది జారిపోతుంది. జవాబు లేదని కథ ఆగదు కాబట్టి చెప్పుకోవలసిందే.

దర్జీల వీధి మొదట్లో, రెండు పెద్ద కొట్ల మధ్య పక్కకి తిరిగి నిలబడ్డ మనిషిలా ఒక సన్నటి దారాల కొట్టు ఉంది. లోపల మూడు గోడలకీ నేల నుంచి కప్పు దాకా చెక్క అరలు, అరల నిండా రీళ్ళు. తెలుపే పదకొండు రకాలు. అరల ముందు బల్ల, బల్ల వెనక ఎత్తుపీట, పీట మీద దారాలక్క. కొట్టు ఆమెది కాదు. యజమాని వేరే వ్యాపారాలు చూసుకుంటూ వారానికోసారి వచ్చి టీ తాగి పోతాడు. పేరుకి ఆయన కొట్టు, మాటకి ఆమె కొట్టు. ముప్పై ఏళ్ళుగా ఆ వీధిలో అక్క అంటే ఆమే. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు.

గుడ్డముక్క తెచ్చి దీనికి కలిసే దారం ఇమ్మంటే కూర్చున్నచోట కూర్చుని రీలు తీసి చేతిలో పెట్టడం ఆమె ఎన్నడూ చెయ్యలేదు. అరల్లోంచి మూడు రీళ్ళు ఏరుకుని, గుడ్డముక్క పట్టుకుని బయటికి వస్తుంది. కొట్టుకి మూడు మెట్లు. కింది మెట్టు మీద, తన నీడ గుడ్డ మీద పడకుండా కాస్త ఒంపు తిరిగి నిలబడి, రీలు నుంచి మూరెడు దారం లాగి, ఆ ఒక్క పోగునే గుడ్డ మీద పరుస్తుంది.

"లోపల అంతంత లైట్లున్నాయి కదక్కా, ఎండలోకి ఎందుకు?" అని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతారు.

"ఆ లైట్లు నా మొహం కనపడ్డానికి. రంగు కనపడాలంటే బయటికి రావాలి," అంటుంది. "రీలుని చూసి మోసపోకు. గుంపులో ఉన్నప్పుడు ఎవడైనా చిక్కగానే కనిపిస్తాడు. ఒక్కణ్ణి పక్కకి లాగితే తెలుస్తుంది అసలు రంగు. కుట్టాక ఇంకా లైట్ అవుతుంది, అందుకని ఒక మెట్టు చిక్కనిది పట్టుకెళ్ళు."

లైటు అన్న ఆ ఒక్క మాట లేకపోతే ఆమెకి రోజు గడిచేది కాదు. దర్జీలు వచ్చి ఇంకాస్త లైట్‌లో ఇవ్వమంటారు. లైనింగు గుడ్డ వస్తే అరచేతిలో వేసుకుని తూచి, లైటుగానే ఉంది, వేసవి కోటుకి పనికొస్తుంది అంటుంది. టీ తెచ్చే మనిషికి లైటుగా ఉండాలని చెబుతుంది. అతనెప్పుడూ తారులాగే తెస్తాడు, అది వేరే సంగతి. ఇంటికొస్తే చెల్లెలి కూతురు పాలు పొంగిపోయినా, బస్సు తప్పిపోయినా "లైట్ తీసుకో పెద్దమ్మా" అంటుంది.

"అన్నీ నువ్వలా తీసుకుంటే మిగతా బరువు మొయ్యడానికి మనుషుల్ని పెట్టుకోవాలే," అనేది దారాలక్క.

ఇక ఆ వీధిలో ట్యూబ్‌లైట్ అంటే కోటు మాస్టారు. నాలుగు కొట్ల అవతల ఆయన దుకాణం. కత్తెర పట్టుకుంటే ఆయన్ని మించినవాడు లేడు గానీ, జోకు మాత్రం పొద్దున చెబితే సాయంత్రానికి వెలిగేది. మిట్టమధ్యాహ్నం ఉన్నట్టుండి దారాల కొట్టు గుమ్మంలో నిలబడి, పొట్ట పట్టుకుని, "ఇప్పుడు అర్థమైందక్కా, నిన్న నువ్వన్నది," అని నవ్వేవాడు. ఆ పేరు పెట్టింది దారాలక్కే. ఆయన దానికీ మర్నాడే నవ్వాడు.

ఆమెకి ఆస్తి అంటూ ఏదైనా ఉందంటే అది ఒక్కటే: ముప్పై ఏళ్ళలో రంగు కలవలేదని ఒక్క రీలు వెనక్కి రాలేదు. ఈ మాట ఆమె గొప్పకి చెప్పుకునేది కాదు. వాన కురిస్తే కురిసింది అన్నట్టు మామూలుగా అనేది.

ఒకరోజు పొద్దున ఆమె పనికి బయల్దేరుతుంటే చెల్లెలి కూతురు గుమ్మంలో నవ్వింది.

"పెద్దమ్మా, కాళ్ళు చూసుకో."

"చూసుకునే వేసుకున్నాను. నల్ల చెప్పులు."

"ఒకటి నలుపు. ఇంకోటి నీలం."

"నీ మొహం. రంగులు నాకు చెబుతున్నావా?"

పిల్ల నవ్వడం ఆపేసింది. ఆ వారమే స్కూటరెక్కించి కళ్ళ ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరమ్మ ఆమె గడ్డాన్ని పలక మీద ఆనించి, "ఆ లైటు వైపు చూడండమ్మా," అంది.

"ఏ లైటు? ఆ పసుప్పచ్చదా?"

"తెల్లదమ్మా అది."

తెలుపులో పదకొండు రకాలు తెలిసిన మనిషి కళ్ళు గట్టిగా మూసి తెరిచి, మళ్ళీ చూసింది.

రెండు కళ్ళలోనూ శుక్లాలు. ముందు కుడి కన్ను, రెండు నెలలాగి ఎడమది అన్నారు. ఆపరేషన్ రోజు లైటుగా తిని రమ్మంటే భయంకొద్దీ ఏమీ తినకుండా వెళ్ళి చీవాట్లు తింది. "ఇప్పుడు కడుపు నిండిందా?" అంది చెల్లెలు.

మర్నాడు ఆసుపత్రిలో కట్టు విప్పి, నల్లద్దాలు పెట్టి పంపించారు. ఇంట్లో తన గదిలోకి వచ్చి, మంచం మీద కూర్చుని, అద్దాలు తీసింది. ఎదురుగా గోడ. నెమలి మెడ లాంటి నీలం, పైనుంచి కింది దాకా, మీదికి దూకేట్టు.

"ఎవరే ఈ గోడకి ఇంత గాఢమైన రంగు వేయించింది?"

తల్లీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నువ్వే అక్కా," అంది చెల్లెలు. "రెండేళ్ళయింది."

"నేను లైటు నీలం కదా వేయమన్నాను."

"పది రంగులు చూపిస్తే దీని మీద వేలుపెట్టి, ఇదే, ఎంత చల్లగా ఉందో అన్నావు. ఆ పెయింటరు మూడుసార్లు అడిగాడు."

"మరి నువ్వు నోరెత్తలేదేం?"

"రంగు విషయంలో నీకు ఎదురు చెప్పిన మొనగాడు ఈ ఊళ్ళో ఉన్నాడా? మన పక్కింటావిడ మాత్రం అడిగింది, లోపల ఈతకొలను కట్టించారా అని."

ముందు పిల్ల నవ్వింది. తర్వాత చెల్లెలు. దారాలక్క కుడి కన్ను మూసుకుని చూసింది. గోడ చల్లటి లేత నీలం. ఎడమ కన్ను మూసుకుంది. ఈతకొలను. మళ్ళీ ఇది, మళ్ళీ అది. ఇంట్లో కూర్చుని రెండు గదులు చూస్తున్నట్టుంది. ఆమెకీ నవ్వాగలేదు. కళ్ళలో నీళ్ళు రాకూడదన్నారని పిల్ల కంగారుపడి రుమాలు అడ్డుపెట్టే దాకా ముగ్గురూ నవ్వారు.

దిండు మీద తల ఆనించాక ఆ నవ్వు మెల్లగా మొహం మీంచి జారిపోయింది. గోడ సరే. రీళ్ళో?

"నేను తప్పు రీళ్ళిచ్చి ఉంటాను," అంది.

"ఒక్కటీ వెనక్కి రాలేదంటావు కదా. లైట్ తీసుకో పెద్దమ్మా."

ఈసారి ఆ మాట పనిచెయ్యలేదు. ఇన్నాళ్ళుగా ఎంతమంది భుజాల మీద, ఎన్ని కాలర్ల అంచుల మీద తన తప్పు నడిచి వెళ్ళిందో అని ఆమె పది రోజులు ఆ నీలం గోడని చూస్తూ పడుకుంది. చివరికి ఒక నిర్ణయానికి వచ్చింది. ఒక్క తప్పు రీలు కనబడ్డా చాలు, తాళాలు యజమాని చేతిలో పెట్టి పీట దిగిపోవాలి. చూపు రావడం వేరు. నమ్మకం పోయాక ఆ మెట్టు మీద నిలబడడం వేరు.

పదకొండో రోజు పొద్దున యజమాని టీకి వచ్చే వారం. తాళాలు సంచిలో వేసుకుని బయల్దేరింది. ఇన్ని రోజులూ మూసి ఉన్న తన కొట్టు ముందు ఆగకుండా, నాలుగు కొట్లు దాటి, తన దగ్గర అందరికంటే ఎక్కువ దారం కొనే కోటు మాస్టారి దుకాణంలోకి అడుగుపెట్టింది.

ఆయన ఒక లావుపాటి బ్యాంకు మేనేజరుని నిలబెట్టి కొలతలు తీస్తున్నాడు. మేనేజరు చేతులు రెండూ చాపి దిష్టిబొమ్మలా ఉన్నాడు.

"రా అక్కా, రా. ఇన్నాళ్ళకి కనబడ్డావు. ఎలా ఉంది కన్ను?"

"బాగుంది. ముందు అందంగా ఉన్నవన్నీ చూసి అలవాటు చేసుకోమంది డాక్టరమ్మ. అందుకే నీ దగ్గరికి రావడానికి పది రోజులు పట్టింది."

"మంచి పని చేశావు. డాక్టర్లు చెప్పింది వినాలి," అన్నాడు మాస్టారు గంభీరంగా. మేనేజరు మీసాల కింద నవ్వు బిగపట్టుకున్నాడు.

"మాస్టారూ, ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. నేనిచ్చిన దారంలో ఎప్పుడైనా తేడా వచ్చిందా?"

"నీ దారంలో తేడా ఏమిటక్కా? ఎవరన్నారు? సరే గానీ, సుద్దముక్క అరిగిపోయింది. మిషను కింద డబ్బాలో కొత్తది ఉంటుంది, కాస్త అందుకో."

మిషను కింద రెండు బిస్కెట్ డబ్బాలున్నాయి. ఆమె దగ్గరగా ఉన్నది లాగి మూత తీసింది.

సుద్దముక్క లేదు. రీళ్ళు. విప్పని రీళ్ళు, ముప్పై నలభై. ఒక్కొక్కదానికీ ఒక కోటు గుడ్డముక్క, గుండుసూదితో గుచ్చి. ఆమె ఏ దారం ఏ కోటుకి ఇచ్చిందో మర్చిపోకుండా పెట్టుకున్నట్టు.

ఆమె డబ్బా ఎత్తుకుని గుమ్మం బయటికి వచ్చి, ఎండకి ఒంపు తిరిగి నిలబడి, నల్లద్దాలు నుదుటి మీదికి తోసింది. మొదటి రీలు నుంచి మూరెడు లాగి గుడ్డ మీద పరిచింది. నల్ల కోటు, నీలం దారం. కుడి కన్ను మూసింది. కలిసిపోయింది, అతుకు కూడా తెలియకుండా. ఎడమ కన్ను మూసింది. పట్టపగల్లా తేడా. రెండోది, బూడిద రంగు గుడ్డ మీద పాచి రంగు పోగు. మూడోది. నాలుగోది. అజాగ్రత్తగా ఒక్కటీ ఇవ్వలేదు. ఆ కంటికి అవి కలిశాయి.

లోపల మాస్టారికి డబ్బా సంగతి అప్పటికి వెలిగింది. టేపు మెడలో వేలాడుతుండగా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"అది కాదక్కా. సుద్ద రెండో డబ్బాలో ఉంది."

"తెలిసింది. ఎన్నాళ్ళ నుంచి?"

"మూడేళ్ళు ఉంటుందేమో." తల గోక్కున్నాడు. "మొదటి ఏడాది నా కళ్ళే పోయాయనుకున్నాను. నువ్వు తప్పు ఇవ్వడమేమిటి? డాక్టరు దగ్గరికెళ్ళి ఈ కళ్ళజోడు పెట్టించుకున్నాను. పెట్టుకున్నాక కూడా తేడాగానే ఉంది."

"వెనక్కి తేవచ్చు కదా."

"తెస్తే నువ్వేం చేస్తావో నాకు తెలియదా? సరైనది పెద్ద బజారులో తెచ్చుకునేవాణ్ణి. బస్సులో అరగంట. గాలికి బాగానే ఉండేది."

"నా దగ్గర కొనకుండానైనా ఉండాల్సింది ఆ రీళ్ళు."

"కొనకపోతే ఆ మెట్టు మీద నీ మాటలు ఎవరు వింటారు?"

లోపల్నుంచి మేనేజరు గొంతు వచ్చింది. "అయ్యా, చేతులు దించొచ్చా?"

"దించకండి సార్, కొలత పోతుంది," అని మాస్టారు లోపలికి పరిగెత్తాడు. పని మీదే ధ్యాసంతా ఉన్నట్టు వెనక్కి తిరిగి చూడకుండా భుజం కొలవసాగాడు.

దారాలక్క డబ్బాలో అట్టడుగు దాకా వెళ్ళింది. చివర్న ఒక గోధుమ రంగు రీలు, దానికి ముతక గోధుమ గుడ్డ. పోగు పరిచింది. కుడి కంటికి కలిసింది. ఎడమ కంటికీ కలిసింది. రెండు కళ్ళూ తెరిచి, గుడ్డని అటు తిప్పి, ఇటు తిప్పి, మెట్టు దిగి ఎండ మధ్యలోకి పోయి మరీ చూసింది. అచ్చంగా ఉంది. కుట్టాక లైట్ అవుతుందని ఒక మెట్టు చిక్కగా, తను ఎలా ఇస్తుందో అలాగే ఉంది. ఈ ఒక్కదాంట్లో తప్పు ఆమెది కాదు. నమ్మకం సడలి, చూడకుండానే డబ్బాలో పడేసిన మాస్టారిది.

ఆమె మొహం మీదికి పది రోజుల కిందటి నవ్వు తిరిగి వచ్చింది.

లోపలికి వెళ్ళింది. మాస్టారి వీపు ఆమె వైపు ఉంది. నోట్లో సుద్దముక్క, ఏవో అంకెలు గొణుక్కుంటున్నాడు. మేనేజరు మాత్రం చూశాడు గానీ చేతులు చాపుకుని ఉన్న మనిషి ఏం చెప్పగలడు. ఆమె మిషను మీదున్న రీలు తీసి, గోధుమ రంగు రీలు ఎక్కించింది. దారాన్ని ఒక్కో కొక్కెంలోంచీ దాటించి, కొస తడిపి, సూది దగ్గరికి తెచ్చింది. మూడేళ్ళుగా ఇంట్లో సూదిలో దారం ఎక్కించేది చెల్లెలి కూతురే. ఎడమ కన్ను మూసుకుని ఒక్కసారి తోసింది. అవతలికి వచ్చేసింది.

మిగతా రీళ్ళున్న డబ్బాకి మూత పెట్టి చంకలో ఇరికించుకుంది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి వెనక్కి వస్తున్న రీళ్ళు. నీలాల్లోంచి నలుపులు, పాచి రంగుల్లోంచి బూడిదలు విడదీసి ఏ అరలోవి ఆ అరలో సర్దాలంటే సాయంత్రం దాకా పడుతుంది. యజమాని వచ్చేసరికి కొట్టు తెరిచి ఉండాలి. సంచిలో చెయ్యి పెట్టి, యజమానికి ఇచ్చెయ్యాలని తెచ్చుకున్న తాళాలు తడుముకుంటూ, వస్తానని కూడా అనకుండా గుమ్మం దాటింది.

తన మెట్ల దాకా వచ్చేసరికి వెనకనుంచి పెద్ద నవ్వు వినిపించింది. వీధి వీధంతా తలెత్తి చూసేంత నవ్వు.

"అందంగా ఉన్నవి ముందు చూడాలట," అంటున్నాడు మాస్టారు ఎవరితోనో, ఊపిరి ఆడక. "పది రోజులు పట్టిందట."

ఆమె వెనక్కి తిరగలేదు. కింది మెట్టు మీద కాసేపు ఆగి, తన నీడ ఎటు పడుతోందో చూసుకుని, తాళం తీసింది.