చెంబులో లోహుడి గొంతు

మొన్న మా మనవరాలు ఖాళీ ఇత్తడి చెంబులో మూతి పెట్టి, టీవీ సీరియల్లోని మరమనిషిలా మాట్లాడింది. "నాకు... బాధ... తెలియదు." ఆ మరమనిషి మంచివాడా చెడ్డవాడా అని దానికీ దాని అన్నకూ పొద్దుటి నుంచీ తగువు. చెంబు అడుగుకు తగిలి తిరిగొచ్చిన ఆ గొంతు వినగానే నా చేతిలోని పేపరు ఒళ్లోకి జారింది. నేను ఇరవై రెండేళ్లవాడిగా ఉన్నప్పుడు దేవరకొండలో యాదగిరి సారు ఇలాగే చెంబులోంచి ఒక యంత్రాన్ని మాట్లాడించేవారు.

ఆయన మొదట నాకు పాఠం చెప్పిన పంతులు. తర్వాత, నేను అదే బడిలో ఉద్యోగంలో చేరినప్పుడు నా పెద్ద పంతులు. నేను దేన్నయినా ప్రశ్నించడం నేర్చుకున్నది ఆయన దగ్గరే. నా చిన్నతనంలో ఒక సూర్యగ్రహణం నాడు ఊరంతా తలుపులు వేసుకుంటే, ఆయన బడి మెట్ల మీద కూర్చుని అందరికీ కనిపించేలా సీతాఫలం తిన్నారు. మేము కిటికీలోంచి భయంగా చూస్తున్నాం. గింజలు ఉమ్ముతూ అన్నారు: "నా కడుపు నొచ్చిందో లేదో రేపు పొద్దుగాల వచ్చి అడుగుండ్రి. ఊకె నమ్మకుండ్రి. నేను చెప్పినా అడుగుండ్రి." మరునాడు నిజంగానే వెళ్లి అడిగాను. "గట్ల ఉండాలె" అని భుజం తట్టారు. ఆ తట్టు నన్ను హేతువాదిని చేసింది. మూఢనమ్మకాల మీద నేను ఎక్కిన ప్రతి వేదికకూ మొదటి మెట్టు ఆ బడి మెట్టే.

పొద్దు గూకే వేళ ఆయన పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పేవారు. మందలను దొడ్లకు తోలి వచ్చిన గొర్ల కాపరులు, చేలనుంచి వచ్చిన ఆడవాళ్లు గొంగళ్లు పరుచుకుని కూర్చునేవారు. శనివారం మాత్రం పలకలు పక్కన పెట్టించి, హైదరాబాదు నుంచి బస్సులో వచ్చే వారపత్రికలోని సీరియల్ చదివి వినిపించేవారు. నీళ్లు ఇంకిపోయిన ఒక గ్రహం నుంచి జనాన్ని మరో గ్రహానికి చేరవేసే ఓడ. దాన్ని నడిపే ఇనుప మనిషి లోహుడు. లోహుడికి కన్నీళ్లు లేవు, భయం లేదు, దేవుడు లేడు. ఉన్నది లెక్క ఒక్కటే. నీళ్ల కోసం గ్రహం విడిచి పోవడమంటే ఏమిటో మా జనానికి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

లోహుడి మీద జనం రెండుగా చీలిపోయారు. కాపరి వీరయ్య అనేవాడు: "మొగోడంటే వాడు. తీతువు కూసినా ఆగడు, పిల్లి ఎదురొచ్చినా ఆగడు. మనకు గసొంటోడు ఒక్కడుంటే చాలు." వెంటనే మల్లమ్మ అందుకునేది. యాభై దాటిన మనిషి, సొంతంగా మంద కాసే ధైర్యస్థురాలు. "వాని నోట్ల మన్నువడ, తల్లి పాలు తాగితే గద కన్నీళ్లొచ్చేది!" ఇంత తిట్టీ, మరుసటి శనివారం అందరికంటే ముందు వచ్చేది. "నా కొడుకు ఈ వారం ఏం జేసిండు సారూ?" అని అడిగేది. వాడు ఏం చేశాడో శనివారం దాకా ఆగకుండా తానే చదువుకోవాలని పలక పట్టింది. గుణింతాలు దాటి ఒత్తులకు వచ్చింది.

నేను ఎవరి పక్షమో చెప్పనక్కర్లేదు. లోహుడు నా ఆదర్శం. నిజాన్ని ముఖం చూడకుండా చెప్పేవాడు. నేనూ అలా ఉండాలనుకున్నాను, ఉన్నాననుకున్నాను.

ఒక వారం కథ గడ్డు చోట ఆగింది. ఓడలో బరువు ఎక్కువైంది, నడవలేని ఒక ముసలాయన ఇంకా గట్టు మీదే ఉన్నాడు. "ఇడిచిపెట్టి పోడు గద సారూ?" అని మల్లమ్మ రెండుసార్లు అడిగింది. మరుసటి శనివారం సారు చెంబు ఎత్తి, లోహుడు ఓడ దిగి ముసలాయనను భుజాన వేసుకుని వచ్చాడని చదివారు. మల్లమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "చూసినవా వీరిగా, నా కొడుకు!"

తర్వాతి వారంలో ఆ పత్రిక నా చేతికి వచ్చింది. అందులో లోహుడు వెనక్కి రాలేదు. బరువు లెక్క వేసి, తలుపు మూసి, వెళ్లిపోయాడు.

సారు గది నా గదికి పది అడుగుల దూరం. వెళ్లి అడగవచ్చు. అడగలేదు. శనివారం దాకా ఆగాను. సారు చెంబు తీసుకోబోతుండగా లేచి నిలబడ్డాను.

"పోయినసారి సారు చదివింది పత్రికల లేదు. ఇగో, అచ్చయింది నేను చదువుత. ఇనుండ్రి."

వేదికల మీద అలవాటైన గొంతుతో చదివాను. ఒక్క అక్షరం వదలలేదు. ముగించగానే వీరయ్య గట్టిగా నవ్వాడు. "ఏమే మల్లమ్మా! నీ కొడుకు ముసలాయన్ని ఇడిచిపెట్టి పాయె!" నలుగురూ నవ్వారు. ఆ నవ్వు నాకు చప్పట్లలా వినిపించింది. ఆ సంగతి ఒప్పుకోకుండా ఈ జ్ఞాపకం రాయడంలో అర్థం లేదు.

సారు లేచారు. "వీడు చదివిందే నిజం. నేను మార్చి చదివిన. తప్పు నాది" అన్నారు.

మల్లమ్మ ఆయన వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. గొంగడి మడుస్తూ, ఎవరితోనో అన్నట్టు అంది: "మేమూ ఇడిచిపెట్టే పోయినం. వాడన్న ఇడువడనుకున్న."

అందరూ వెళ్లిపోయాక సారు చెప్పారు. కరువొచ్చిన ఏడు మల్లమ్మ వాళ్లు మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు వలస పోయారు. నడవలేని అత్త దగ్గర జొన్న గటక కుండ, నీళ్ల కుండ పెట్టి వెళ్లారు. తిరిగొచ్చేసరికి అత్త బతికి లేదు, నీళ్ల కుండ నిండుగానే ఉంది.

"మరి అబద్ధం చెప్పొచ్చునా సారూ?" అన్నాను. నా గొంతులో ఇంకా వేడి ఉంది.

"చెప్పొద్దు. నువ్వు అడిగింది తప్పని నేనంటలేను. కని ఇంకొక్క రెండు నెలలైతే ఆమెకు చదువొచ్చు. పాత పత్రికలన్నీ ఆమెకే ఇద్దామని దాచిన. ఇంట్ల ఒక్కతే కూసోని చదువుకుంటుండె. ఏడిస్తే ఏడ్చు, నన్ను తిడితే తిట్టు. నా అబద్ధం ఆమెనే పట్టుకోవాలె అనుకున్న. నువ్వు ఆమె నోటికాడి ముద్ద గుంజుకున్నవ్‌రా."

మల్లమ్మ మళ్లీ రాలేదు. పది రోజులు చూసి వాళ్ల వాడకు వెళ్లాను. ఎంతో సిద్ధం చేసుకున్న క్షమాపణ సగంలో ఉండగానే ఆమె లోపలికి వెళ్లి బడిలో ఇచ్చిన వాచకం తెచ్చి నా చేతిలో పెట్టింది. "కండ్లు కనవడ్తలేవు కొడుకా. ఇంకెవరికన్న ఇయ్యి." అలా అంటూనే దూరంగా గుట్ట అంచున పొదల్లో తప్పిపోయిన గొర్రెపిల్లను చూసి అదిలించింది. నాకు ఆ పిల్ల ఎంతసేపటికీ కనిపించలేదు.

సారు బదిలీ అయ్యేదాకా శనివారాలు చదువుతూనే ఉన్నారు. అచ్చులో ఉన్నది ఉన్నట్టు, తన సొంత గొంతుతో. చెంబు మాత్రం మళ్లీ ఎత్తలేదు. వినేవాళ్లు ముగ్గురు, ఇద్దరు, తర్వాత నేనొక్కడినే. ఆ శనివారం తర్వాత నన్ను ఆయన మళ్లీ ఒక్క మాట అనలేదు. అని ఉంటే వాదించేవాడిని.

ఇవాళ్టికీ నేను అబద్ధం పక్షం కాదు. ఎంతమంది బాబాల గుట్టు విప్పానో, అందులో ఒక్కదానికీ చింత లేదు. కానీ కలం పట్టిన ప్రతిసారీ, ఈ నిజం ఎవరు కనిపెట్టవలసింది, నేను ఎవరి చప్పట్ల కోసం తొందరపడుతున్నాను అని ఒకసారి అడుగుతాను. ఆ ప్రశ్న కూడా సారు ఇచ్చిందే. ఆయన బతికుండగా ఆయనతో ఆ మాట చెప్పలేకపోయాను.

"తాతా, నువ్వు మాట్లాడు" అని మనవరాలు చెంబు నా చేతికిచ్చింది. మూతి దాకా ఎత్తాను. చెంబు పక్కన పెట్టి, అలమరలోంచి మల్లమ్మ వాచకం తీసి చూపించాను. ఒత్తుల పాఠం దగ్గర ఆమె గుర్తుకు పెట్టుకున్న గడ్డిపోచ అలాగే ఉంది. పిల్ల దాన్ని తీయబోతే చెయ్యి పట్టుకున్నాను.

"ఉండనీ అమ్మా. ఆమె చదువు అక్కడిదాకా వచ్చింది."