నా ఐదున్నర శ్రుతి పోయిన సంగతి

ప్రభువునందు ప్రియ సహోదరులారా, సహోదరీలారా, ఈ ఉదయం మీ ముందు మాట్లాడటానికి నాకు గొంతు ఉంది, అదే నా సాక్ష్యం. రెండేళ్ల క్రితం ఆదోనిలో నాటకం సాధన జరుగుతుండగా, పట్టపగలు, పదిమంది చూస్తుండగా, పద్యం చివర పై షడ్జమం అందుకోబోతే గాలి తప్ప శబ్దం రాలేదు. ముందు అది పోయింది, వారానికి పంచమం పోయింది, నెల తిరక్కముందే మామూలు మాట కూడా బొంగురుపోయింది. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు.

ఎట్లా పోయిందో వరుసగా చెబుతాను. మాది నందవరం దగ్గర పల్లె. నాయన లేడు, అమ్మ పత్తి తీసే కూలికి పోయేది. మందిరంలో హార్మోనియం మీద నా వేళ్లు ఆడటం చూసి, అమ్మ నన్ను ఆదోనిలో ఒక సంగీతం అయ్యవారి దగ్గర చేర్చింది. ఆయన మన విశ్వాసంవాడు కాకపోయినా నన్ను ఇంట్లో బిడ్డలా చూశాడు. సరళీ స్వరాలు మూడు కాలాల్లో, ఆ తర్వాత జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, అన్నీ చేత్తో తాళం వేస్తూ తంబూరా శ్రుతిలోనే నేర్పాడు. నాలుగేళ్లు అట్లా నేర్చుకుని, ఇక సర్కారు సంగీత పరీక్ష రాయడమే మిగిలిందనగా నాటకాల్లోకి జారిపోయాను. మాకు మైకు లేదు, చివరి వరుసలో వాడికి వినబడాలంటే ఐదున్నర శ్రుతిలో, అంత ఎత్తున అరవాలి. గొంతు తెరుచుకుంటుందని తోటి నటులు సారా పోశారు. మద్యనిషేధం ఉన్నా సోడా సీసాల్లో దొరికేది. చివరికి గొంతు మూసుకుపోయింది, సారా మాత్రం నిలిచిపోయింది.

ఆ స్థితిలో ఉండగా, ఎమ్మిగనూరు బడికి సంగీతం పంతులు కావాలనీ, ఆ పరీక్ష ప్యాసైనవాణ్ణే తీసుకుంటారనీ తెలిసింది. పరీక్షకు నాలుగు నెలలే ఉంది. ఊరికి పోయి అమ్మ పక్కన మోకరించి, బొంగురు గొంతుతో ప్రార్థించాను: "ప్రభువా, నా ఐదున్నర శ్రుతి నాకు తిరిగి ఇయ్యి. పై షడ్జమం ఇయ్యి, దాని మీద మధ్యమం కూడా ఇయ్యి."

అమ్మ ప్రార్థన ఆపి నా వైపు తిరిగింది.

"దేవునికే శ్రుతి సెప్తాండావేం రా? యాడ పెట్టల్లో ఆయప్పకు తెలీదా? ముందు ఆ సీసా తీసెయ్యమని అడుగు."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మళ్లీ మోకరించి, "ప్రభువా, సారా తీసెయ్యి, గొంతు సంగతి నీ ఇష్టం" అన్నాను. సహోదరులారా, ఆ దినం నుంచి నేను దాన్ని ముట్టలేదు. ఎనిమిది రోజులు చేతులు వణికాయి, అన్నం సహించలేదు, అమ్మ కూలి మానుకుని నా పక్కనే కూర్చుని ప్రార్థించింది, తొమ్మిదో రోజు జొన్నరొట్టె అడిగి మరీ తిన్నాను.

తర్వాత అయ్యవారి దగ్గరికి పోతే, నలభై రోజులు పాడొద్దన్నాడు. అవి గడిచాక, నోరు మూసుకుని కింది షడ్జమం పట్టమన్నాడు. అన్నిటికన్నా కిందిదైన ఒకటో శ్రుతిలో అది నూనెధారలాగా, వణక్కుండా నిలబడింది.

"ఇన్నాళ్లు యాడ దాచినావప్పా దీన్ని? ఆడ అరిచింది నాటకమోళ్ల గొంతు. ఇది నీది."

"దాచలేదు సామీ, ప్రభువు ఇప్పుడే ఇచ్చినారు" అన్నాను.

పరీక్ష ఆ ఒకటో శ్రుతిలోనే పాడి ప్యాసయ్యాను, ఎమ్మిగనూరు బడిలో చేరాను. అయితే అంతకన్నా పెద్ద సంగతి మా పల్లె మందిరంలో జరిగింది. పూర్వం నేను అక్కడ పాట ఎత్తుకుంటే అందరూ ఆపేసి వినేవారు, అది నా గొప్ప అనుకునేవాణ్ణి. ఆ శ్రుతి వాళ్లకు అందేది కాదని నాకు తోచనే లేదు. ఈసారి ఒకటో శ్రుతిలో ఎత్తుకోగానే రెండో చరణానికి కూలి ఆడవాళ్లు అందుకున్నారు, వాళ్ల వెనక మగవాళ్లు, పెద్దలు, అందరూ అందుకున్నారు. నా వెనక కొంచెం ఆలస్యంగా ఒక గొంతు కలిసింది. అది మా అమ్మది. ఆమె పాడగా నేను వినడం అదే మొదలు.

మహిమంతా దేవునిదే. మీలో సీసా విడవలేక తిప్పలు పడేవారుంటే సిగ్గుపడకండి, ఆరాధన అయ్యాక ముందుకు రండి, కలిసి మోకరిద్దాం. ఏమని అడగాలో తెలియకపోతే, మా అమ్మ అదిగో ఆ మొదటి వరుసలో ఉంది, ఆమె చెబుతుంది.