కుర్చీ అడిగిన ట్రంపెట్ మాస్టారు

"సారూ, బాపు పోయిండు" అని మాస్టారి పెద్దకొడుకు జగిత్యాల దగ్గరి వాళ్ళ ఊరి నుంచి ఫోన్ చేశాడు. పొద్దున చాయ్ తాగి, ట్రంపెట్ తుడిచి పక్కన పెట్టుకుని, మంచం మీద ఒరిగారట. మళ్ళీ లేవలేదు. ఏడుపు మధ్యలోనే అతనొక మాట అడిగాడు: "మీ బాజా మీకు పంపియ్యాల్నా సారూ?" అది నాది కాదయ్యా అన్నాను. అది నాది కాకుండా పోయి చాలా కాలమైంది.

రెండు రోజులకి మా పాత దోహా మిత్రుల వాట్సాప్ గ్రూపులో, ఒకప్పుడు అక్కడి మా తెలుగు సంఘానికి అధ్యక్షులుగా వెలిగిన పెద్దమనిషి నివాళి రాశారు. "శ్రమజీవిలోని కళాకారుణ్ణి గుర్తించి వేదిక కల్పించిన ఘనత మన సంఘానిదే" అని. దాని కింద వరసగా జోడించిన చేతుల బొమ్మలు. ఆ రోజు నేను ఆ వేదిక పక్కనే నిలబడి ఉన్నాను. నాకిప్పుడు డెబ్భై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు పోయాయి గాని జ్ఞాపకం పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

తొంభైల మొదట్లో దోహాలో ఒక నిర్మాణ కంపెనీలో డ్రాయింగులు గీసే ఉద్యోగం నాది. అల్ మన్సూరాలో రెండు గదుల ఫ్లాటు. అందులో నేను, నా భార్య, నేల నుంచి కప్పు దాకా పుస్తకాలు. అల్ ముంతజాలో ఒక విదేశీ సంగీతం టీచరు దేశం వదిలి వెళ్తూ సామాన్లు అమ్మేస్తుంటే, ప్రెషర్ కుక్కర్ కోసం వెళ్ళిన నేను ట్రంపెట్ పట్టుకుని ఇంటికొచ్చాను. "బియ్యం దీన్లో పోయనా?" అంది మా ఆవిడ.

అది బడిపిల్లలు నేర్చుకోవడానికి చేసిన వాద్యం. అప్పటికే దాని వయసు ముప్పై దాటి ఉంటుంది. గరాటులా విచ్చుకున్న అంచున బడివాళ్ళు చెక్కించిన నంబరు ఉంది. చేయి ఆనే చోట మెరుగు అరిగిపోయి ఇత్తడి బయటపడింది. పక్కన అరచేయంత సొట్ట. చూడ్డానికి చిన్నదే, ఎత్తితే మాత్రం బరువు తెలిసేది. కాలేజీ రోజుల్లో కుదరని కోరిక నలభై ఏళ్ళు దాటాక తీర్చుకుందామని మూడు పుస్తకాలు తెప్పించుకుని చదివాను. ట్రంపెట్ పుట్టుపూర్వోత్తరాల మీద గంటసేపు ఉపన్యాసం ఇవ్వగలను. ఒక్క స్వరం పలికించలేను. మీటలు బిరుసుగా ఉన్నాయని, ఏ పుస్తకమూ చెప్పని తెలివి ఒకటి ఉపయోగించి, తలకి రాసుకునే కొబ్బరినూనె పోశాను. తెల్లారేసరికి ఏసీ చలికి నూనె పేరుకుని మూడు మీటలూ బిగుసుకుపోయాయి.

మా ఆఫీసు డ్రైవరు అది చూసి, "మా లేబర్ క్యాంపుల ఒకాయన ఉన్నడు సారూ. ఊర్ల బ్యాండు మాస్టర్. ఈడ పైపులు ఫిట్టింగు చేస్తడు" అన్నాడు. ఆ శుక్రవారమే తీసుకొచ్చాడు. సన్నగా, ఎండకి కమిలిన మనిషి. నాకన్నా ఐదారేళ్ళు పెద్ద. వాద్యాన్ని చేతిలోకి తీసుకుని వాసన చూశారు.

"ఇండ్ల ఏం పోసిన్రు సారూ?"

"కొబ్బరినూనె."

"ఇగ కరివేపాకు ఒక్కటే తక్కువ." నవ్వలేదు. మా ఆవిడ వంటింట్లోంచి నవ్వింది. "ఏసీల గడ్డకడ్తది సారూ. దీనికి కిరసనాయిలు. రెండే చుక్కలు."

బకెట్‌లో గోరువెచ్చని నీళ్ళు, సబ్బు. ఒక్కో మీట, ఒక్కో గొట్టం ఊడదీసి పసిపిల్లకి స్నానం చేయించినట్టు కడిగారు. మళ్ళీ బిగించాక ఒక గొట్టాన్ని కొంచెం బయటికి లాగి మీట నొక్కారు. లోపల సీసా మూత తీసినట్టు "టప్"మంది. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఇన్నరా? గాలి ఎటూ పోతలేదు. ఇన్నేండ్ల సంది పోరగాండ్లు కొట్లాడుకుంట ఊదిన్రు, అయినా మీట అరగలే. ఇది పోరగాండ్ల కోసం చేసింది సారూ. కింద పడేస్తరని ఎర్క ఉండే చేసిన్రు."

నేను చాలా చదివాను. వస్తువుల గురించి ఇంత సూటిగా ఎవరూ రాయగా చూడలేదు. ఎవరో ఒక పనివాడు, తాను చేసింది మహావిద్వాంసుడి చేతికి పోదని తెలిసీ, పదేళ్ళ పిల్లవాడి చేతిలోంచి మెట్ల మీద దొర్లుతుందని తెలిసీ, రేకు పలచన చేయలేదు. అతుకు దగ్గర బద్ధకించలేదు. నేర్చుకునేవాడికి ఇచ్చే గౌరవం అది. పాతదంతా గొప్పదని నేననను. నేనే పాతవాణ్ణి, నాలో గొప్ప ఏమంత లేదు. తర్వాత వచ్చినవి చాలా ఊది చూశాను గనక చెబుతున్నాను. పిల్లలకి ఇదే ఎక్కువ అనుకుంటూ చేసినవి అవి. ఊదగానే తెలిసిపోతుంది.

దాని గొంతు తీపి గొంతు కాదు. వీధి చివరి నుంచి పేరు పెట్టి పిలిచే మేనత్త గొంతులా ఉండేది. ప్రతి స్వరానికీ ఒక పీట వేసినట్టు ఎక్కడిది అక్కడ కూర్చునేది. తప్పు ఊదితే కప్పిపుచ్చేది కాదు, వెక్కిరించేదీ కాదు.

ఆ తర్వాత ప్రతి శుక్రవారమూ వచ్చారు. డిగ్రీ ఉన్న నేను పైప్‌ఫిట్టర్‌కి శిష్యుణ్ణయ్యానని సంఘంలో కొందరికి తమాషాగా ఉండేది. "బుక్కుల సూస్తె మూతికి కాయ కాస్తదా సారూ?" అనేవారు మాస్టారు. ట్రంపెట్ కొసకి తగిలించి ఊదే ఇత్తడి మూతిని ఊడదీసి, వారమంతా చొక్కా జేబులో పెట్టుకుని సైటుకి వెళ్ళేవారు. "సల్లటి మూతికి సల్లటి పాట వస్తది" అనేవారు. పై అంతస్తులో ఉండే ఈజిప్టు ఆయన కర్రతో నేల మీద కొట్టి "ఖలాస్, హబీబీ, ఖలాస్!" అని, ఇక చాలించమని అరబ్బీలో అరిస్తే, ఊదుతున్నది నేనని అర్థం. మాస్టారు ఊదేటప్పుడు కర్ర ఎప్పుడూ మోగలేదు.

ఆయన నడుస్తూనే ఊదేవారు. సోఫా దగ్గర మొదలుపెట్టి ఫ్రిజ్ దాకా, మళ్ళీ వెనక్కి. "కూర్చోండి అన్నయ్యగారూ" అనేది మా ఆవిడ.

"అలవాటు లేదమ్మా. పెండ్లికొడుకు గుర్రం మీద, మేం కాళ్ళ మీద."

ఒకసారి మాత్రం, టీ తాగుతూ, ఎవరో అడిగినట్టు చెప్పారు. "నలభై యేండ్ల సంది నడుసుకుంటనే వాయించిన సారూ. మడమలు పలిగినయి గని పాట ఆగలే. ఒక్కపారి కుర్చీల కూసొని, ముంగట జనం కూసొని ఉండంగ వాయించాలె. కూసొని వింటరు సారూ జనం. నడుస్తాంటే సూస్తరు గంతే."

ఆ ఏడాది సంఘంలో నేను సాంస్కృతిక కార్యదర్శిని. ఉగాది కార్యక్రమంలో మాస్టారికి ఐదు నిమిషాలు అడిగాను. అధ్యక్షులవారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"క్యాంపు వాళ్ళకి బస్సు పంపుతున్నాం. వెనక వరసలు ఇస్తున్నాం. పులిహోర పెడుతున్నాం. ఇంకా స్టేజీ కూడానాండీ?"

"ఐదు నిమిషాలేనండీ."

"ఆ సొట్టబుంగ పట్టుకునా? పైగా మా బావమరిది ఉన్నాడుగా. సింగపూర్ నుంచి కొత్త ట్రంపెట్ తెప్పించాడు. బంగారంలా ఉంది."

నిజమే, బంగారంలా ఉంది. పట్టుకుంటే బిస్కెట్ డబ్బాలా తేలిపోయింది. దాంతో వచ్చిన నూనె సీసా ప్రయాణంలో కారిపోయిందని, ఏం వేయాలో కనుక్కోమని బావమరిదిగారే నన్నడిగారు. మాస్టారు చెప్పింది చెప్పాను: రెండు చుక్కల కిరసనాయిలు, కొబ్బరినూనె మాత్రం వద్దు. పక్కనే ఉన్న అధ్యక్షులవారు, "కొత్త వస్తువులో కిరసనాయిలా! పైపులు బిగించేవాళ్ళ సలహాలు మనకెందుకండీ. ఇంట్లో గానుగ కొబ్బరినూనె ఉంది, స్వచ్ఛమైంది" అన్నారు.

ఉగాది రోజు హాలు మంచుకొండలా ఉంది. ముందు వరసల్లో పట్టుచీరలు శాలువాల్లా చుట్టుకున్నారు. వేదిక మీద నాలుగు పెద్ద కుర్చీలు, పెద్దలకి. బంగారు ట్రంపెట్‌ని అందరికీ కనబడాలని సరిగ్గా ఏసీ గాలి తగిలేచోట బల్ల మీద పెట్టారు. అది అక్కడ ఉపన్యాసాలు ముగిసేదాకా ఉంది. నేను పక్కనుంచి వెళ్తూ చూశాను. మీటల చుట్టూ తెల్లగా, వెన్నలా పేరుకుని ఉంది. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఈ వయసులో దాచుకునేదేముంది, చూస్తూ ఊరుకున్నాను.

బావమరిదిగారు ముందు వరసలోంచి లేచి వేదికెక్కి, నమస్కరించి, మొదటి మీట నొక్కారు. వెళ్ళింది గాని తిరిగి రాలేదు. రెండోదీ అంతే. మూడోది అసలు కదల్లేదు. ఉన్న ఒక్క స్వరాన్నే రెండుసార్లు ఊదారు. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. గట్టిగా నొక్కబోయేసరికి చేయి జారి ట్రంపెట్ వేదిక మీద పడింది. అతుకు ఊడి ఒక గొట్టం దొర్లుకుంటూ అధ్యక్షులవారి పాదాల దగ్గర ఆగింది.

వెనక వరసల్లోంచి ముందు ఒక గొంతు, తర్వాత పది, తర్వాత మొత్తం క్యాంపు: "మాస్టర్! మాస్టర్ను పిలువుండ్రి!"

నా ట్రంపెట్ ఆ వారం ఆయన దగ్గరే ఉంది. తేమ వదిలే చిన్న మీట ఊడిపోతే అతికించడానికి తీసుకెళ్ళారు. తిరిగి ఇద్దామని తువ్వాలులో చుట్టి తెచ్చారు. అధ్యక్షులవారు మైకులో "రావయ్యా, రా, రెండు నిమిషాలు" అన్నారు. మాస్టారు ఇస్త్రీ చొక్కా, సైటు బూట్లతో మెట్లెక్కి వచ్చారు. జేబులోంచి వెచ్చటి మూతి తీసి తగిలించారు. ఊదలేదు.

"కుర్చీ కావాలె సారూ."

"నిలబడి వాయించవయ్యా. రెండు నిమిషాలేగా."

"నిలవడి చానా వాయించిన సారూ."

గొంతు పెంచలేదు. బతిమాలలేదు. తాళంచెవి ఏదని అడిగినట్టు అడిగారు. నేను మెట్ల పక్కన నిలబడి చూస్తున్నాను. తువ్వాలు మళ్ళీ చుట్టుకుని ఆయన దిగిపోతే ఆ కోరిక ఇక నోరు తెరవదని నాకు తెలుసు. ఇంతలో వెనక వరసలు అందుకున్నాయి: "కుర్చీ! కుర్చీ!" ముందు వరసలో మొదట చప్పట్లు కొట్టింది మా ఆవిడ. వేదిక మీద ఉన్నవి నాలుగే కుర్చీలు. మూడింట్లో అతిథులున్నారు. అధ్యక్షులవారు ఎర్ర ముఖమల్ కుర్చీలోంచి లేచారు.

అధ్యక్షా, మీరు కల్పించిన వేదిక అదీ. మీరు లేచిన కుర్చీ.

మాస్టారు మైకుని పక్కకి జరిపించి మొదలుపెట్టారు. పెండ్లికొడుకు పందిరి చేరినప్పుడు వాయించే వరస. ఆ గొంతుకి మైకు అక్కర్లేదు. సొట్టపడ్డ ఇత్తడి, బడిపిల్లలు మెట్ల మీద దొర్లించిన ఇత్తడి, ఒక్క స్వరం తొట్రుపడకుండా ఆ చల్లటి హాలు వెనక గోడకి తగిలి తిరిగొచ్చింది. నవ్వినవాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. జనం కూర్చుని విన్నారు. రెండు నిమిషాలు ఎప్పుడో దాటాయి, ఎవరూ గడియారం చూడలేదు. అధ్యక్షులవారు తెర పక్కన, ఊడిన గొట్టం చేత్తో పట్టుకుని, ఆసాంతం నిలబడే ఉన్నారు.

కొన్నేళ్ళకి మాస్టారు కంపెనీ వదిలి ఇంటికి వెళ్ళిపోతుంటే ట్రంపెట్ ఆయన చేతిలో పెట్టాను. విమానంలో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళారు. "అందరు దుబాయ్ పోయి బంగారం తెస్తే, నువ్వు సొట్టబాజా తెచ్చినవా?" అందట వాళ్ళావిడ. వాళ్ళ ఊరికి గల్ఫంతా దుబాయే. మొన్న ఫోన్‌లో కొడుకు చెప్పాడు: ఆ తర్వాత ఏ పెండ్లిలోనూ ఆయన కుర్చీ లేకుండా వాయించలేదట. ముందే అడిగేవారట, గొంతు పెంచకుండా. తన జట్టులో ఎంతమంది ఉంటే అన్ని కుర్చీలు. చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పుడు బ్యాండువాళ్ళకి పందిట్లో కుర్చీలు వేస్తున్నారట.

ఆ రోజు మెట్ల పక్కన నిలబడ్డ నాకు తప్ప బహుశా ఇంకెవరికీ కనబడనిది ఒకటుంది. ముఖమల్ కుర్చీలో వీపు నిటారుగా పెట్టి, కళ్ళు మూసుకుని మాస్టారు ఊదుతున్నారు. కింద ఆ సైటు బూట్లు, ఒకటి తర్వాత ఒకటి, తాళం తప్పకుండా లేస్తున్నాయి, దిగుతున్నాయి. కూర్చునే ఉన్నారు. కాళ్ళు మాత్రం నడుస్తూనే ఉన్నాయి.